ముందు చిరిగిన చొక్కా

మెట్లెక్కేవాళ్ళకు మనిషికన్నా ముందు గోటి చప్పుడు వినిపిస్తుంది. బిగించి పట్టిన గుడ్డ మీద గోరు ఒక్కసారి అడ్డంగా గీస్తే వచ్చే చప్పుడు. ఎండుటాకు మీద చీమ నడిస్తే అంత చప్పుడవుతుందేమో. గీస్తుంది, ఆగుతుంది, మళ్ళీ గీస్తుంది. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారితే పని అయినట్టు. తట్టుకుంటే అక్కడ పోగు లేచి ఉన్నట్టు. విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

పై వాటా గదిలో, కిటికీ కింద, పొట్టి పీట మీద కూర్చుని ఉంటుంది ఆవిడ. వీధి మొత్తానికి రఫ్ఫమ్మ. అసలు పేరు వాళ్ళ అక్కకు మాత్రమే గుర్తుంది, అది కూడా కోపం వచ్చినప్పుడే. ఎడమచేతి చూపుడువేలి కొనమీద సూది పోట్లు, నువ్వులు చల్లినట్టు ఉంటాయి. కళ్ళజోడుకు ఒక కాడ లేదు. ఆ చోట కట్టిన దారం రంగు నెలకోసారి మారుతుంది, ఏ దారం చేతికందితే అది.

రఫ్ఫు అంటే మాసిక కాదు. మాసిక దూరం నుంచే నేనిక్కడున్నానని చెప్పేస్తుంది. రఫ్ఫులో ఆ బట్ట మడతలో దాగిన పోగులనే ఒక్కొక్కటిగా లాగి, ఆ పోగులతోనే చిరుగు మీద నిలువూ అడ్డం మళ్ళీ నేస్తారు. పరాయి దారం ఒక్కటి పడదు. పని బాగా కుదిరితే బట్ట తను చిరిగిన సంగతి తనే మర్చిపోతుంది. రఫ్ఫమ్మ చేతిలో ఎప్పుడూ బాగానే కుదిరేది.

ఈ పని ఆవిడకు తల్లి నేర్పింది. పనితోపాటు ఒక కట్టుబాటు కూడా నేర్పింది. చిరుగును చూడు, మనిషిని చూడకు. ఎట్లా చిరిగిందని అడగకు. చిరిగిన బట్ట తెచ్చేవాళ్ళు సగం సిగ్గుతో వస్తారు, మిగతా సగం అబద్ధంతో వస్తారు, రెండూ మనకు అక్కర్లేదు. ఒకసారి ఒకావిడ మొగుడి కోటు పట్టుకొచ్చి జేబు ఎలక కొట్టిందంది. ఆవిడ మెట్లు దిగాక అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎలక ఏమన్నా కత్తెర తెచ్చుకుందా? చూడవే, ఎంత తిన్నగా కొట్టిందో."

రఫ్ఫమ్మ నవ్వలేదు. మడతలోంచి పోగు లాగుతూ ఉండిపోయింది. నలభై ఏళ్ళలో ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. అదే తన మర్యాద అనుకునేది.

మధ్యాహ్నం బడి విడిచాక వీధిలో పిల్లలు ఆ గదికి చేరేవారు. తల్లులు పనుల మీద ఉండే వేళ అది. సూది నడుస్తూనే ఉండేది, కథ నడుస్తూనే ఉండేది. ప్రవక్తల కథలన్నీ చెప్పేది గానీ, పిల్లలకు కావలసింది ఒక్కటే, యూసుఫ్ ప్రవక్త కథ. రఫ్ఫమ్మ దాన్ని మూడు చొక్కాల కథ అనేది. కుట్టేవాళ్ళకు అన్నీ బట్టలుగానే కనబడతాయి మరి.

మొదటి చొక్కా చిన్న యూసుఫ్‌ది. అన్నలు అసూయతో తమ్ముణ్ణి బావిలో పడేసి, చొక్కాకు దొంగ రక్తం పూసి, తోడేలు తినేసింది నాన్నా అని ఏడుస్తూ వచ్చారు. తండ్రి యాకూబ్ చొక్కా తిప్పి చూశాడు. రక్తం ఉంది, చిరుగు లేదు.

"అంటే ఏంటర్రా? తోడేలు గుండీలు విప్పి, చొక్కా పక్కన పెట్టి, అప్పుడు తిన్నదన్నమాట," అనేది రఫ్ఫమ్మ.

"ఎంత మర్యాద తెలిసిన తోడేలో," అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవారు. కథలో అది వాళ్ళ వంతు.

రెండో చొక్కా యువకుడైన యూసుఫ్‌ది. దారిన పోయేవాళ్ళు బావిలోంచి తీసి అమ్మేస్తే, దూరదేశంలో ఒక పెద్ద అధికారి ఇంట పెరిగాడు. ఆ ఇంటి యజమానురాలు ఒకనాడు తలుపులన్నీ మూసి రమ్మంది. అల్లా కాపాడుగాక అన్నాడు యూసుఫ్. అని, తలుపు వైపు పరుగెత్తాడు. ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టుకుంది, అది పర్రున చిరిగింది. తలుపు దగ్గర ఆవిడ భర్త ఎదురయ్యాడు. తప్పు ఇతనిదే అంది ఆవిడ. అప్పుడు ఆవిడ తరఫువాళ్ళలోనే ఒకరు సాక్షిగా చెప్పారు: చొక్కా చూడండి. ముందు చిరిగి ఉంటే ఆవిడ మాట నిజం. వెనక చిరిగి ఉంటే ఇతని మాట నిజం.

"ఎక్కడ చిరిగింది?"

"వెనక!"

ఆ అరుపుకు కిటికీ రెక్క అదిరేది. ఒకప్పుడు ఆ అరుపుల్లో అన్నిటికన్నా పెద్దది రఫ్ఫమ్మ కొడుకుది. ఒక్కగానొక్క కొడుకు. వాడికి మూడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఈ పీట పక్కనే పాకాడు, ఈ దారపు ఉండలతోనే ఆడుకున్నాడు. ఏడేళ్ళప్పుడో ఎనిమిదేళ్ళప్పుడో ఒకసారి అడిగాడు.

"అమ్మా, ముందు చిరిగుంటే ఏమయ్యేది?"

"ముందు చిరగలేదు కదరా నాన్నా," అంది రఫ్ఫమ్మ, పోగు నోటితో తడుపుతూ.

పిల్లలకు ఆవిడ చెప్పే నీతి చిన్నది. మనసు తప్పు వైపు లాగుతుంది, అది దాని గుణం. తలుపులు మూసి ఉన్నాయని యూసుఫ్‌కు తెలుసు. తెలిసీ తలుపు వైపే పరుగెత్తాడు. పరుగు మన వంతు, తెరవడం అల్లా వంతు. ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పిందో. చెప్పేటప్పుడు ఆ మూసిన గది ఆవిడకు చాలా దూరంలో కనిపించేది, పట్టు పరదాలతో, వెండి దీపాలతో. తన ఒంటి గదికి అలాంటి తలుపులెక్కడివి?

కొడుకు పెరిగి, రెండు వీధుల అవతల చొక్కాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్ అయ్యాడు. మంచి చెయ్యి. సుద్ద గీత గీస్తే మళ్ళీ దిద్దేవాడు కాదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పని వేళ, ఇంటికి వచ్చాడు. సంచీ గుండెలకు అడ్డంపెట్టుకుని వచ్చాడు.

"మిషన్ కొక్కెం తగిలిందమ్మా. సాయంత్రం లోపల కావాలి, ఇదే వేసుకుని వెళ్ళాలి."

చొక్కా విప్పి ఆవిడ ఒళ్ళో పడేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రఫ్ఫమ్మ చిరుగును చూసింది. కొక్కేనికి తగిలిన గుడ్డ మూల మడిచినట్టు రెండు గీతలుగా చిరుగుతుంది. ఇది అలా లేదు. గుండెల మీద, రెండో గుండీ దగ్గర మొదలై, జేబు దాకా ఒక్క ఊపున సాగింది. చుట్టూ ముడతలు ఇంకా ఉన్నాయి, ఎవరో పిడికిట పట్టుకుని గట్టిగా తోస్తే పడే ముడతలు. పిడికిలి చిన్నది. ఎంత చిన్నదో కూడా గుడ్డ చెప్పింది.

ఆవిడ లేచి, ఇస్త్రీపెట్టె వేడిచేసి, ఆ ముడతల మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసింది. నలభై ఏళ్ళ అలవాటు నోరు తెరవనివ్వలేదు. అలవాటేనా అని తర్వాత తనను తాను చాలాసార్లు అడుక్కుంది. అప్పుడు మాత్రం సూదిలో చూపు పెట్టి, అంచు మడత విప్పి పోగులు లాగింది. నాలుగు గంటలు కూర్చుంది. మధ్యలో మసీదు పిలుపు వినిపించింది. ఇదొక్క వరస అయ్యాక లేస్తాననుకుంది, లేవలేదు. ఆ రోజు చేతులకు ఏమైందో గాని జన్మలో చేయనంత బాగా చేసింది. గోరు గీసింది. గోరు నీటిమీద జారినట్టు జారింది.

కొడుకు చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. రెండు వేళ్ళతో గుండె మీద తడుముకున్నాడు.

"నాకే కనబడట్లేదు అమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున అక్క మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది. కార్ఖానాలో గుండీలు కుట్టే పిల్ల ఉందే, అందరూ గుండీలమ్మాయి అంటారు, ఆ పిల్ల నీ కొడుకు మీద నేరం చెప్పిందట. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, గుడ్డ తానులు పెట్టే గదిలో తలుపు వేసి చెయ్యి పట్టుకున్నాడందట. గుండెల మీద చొక్కా పట్టుకుని తోసేశాను, రెండో గుండీ దగ్గర చిరిగింది, సాయంత్రం చొక్కా చూడండి, అని యజమానికి చెప్పిందట.

"చూశారా?" అంది రఫ్ఫమ్మ.

"చూడకేం? వాడు గుండె విరుచుకుని నిలబడ్డాడట. దీపం పెట్టి మరీ చూశారట. చిరుగు లేదు, ఏం లేదు. ఆ పిల్ల దగ్గరికొచ్చి వేలితో తడిమి చూసిందట కూడా. అబద్ధాలకోరువి, రేపటినుంచి రావద్దు అన్నాడట యజమాని."

అక్క అంతదాకా వచ్చి ఆగింది. చెల్లెలి మొహం చూసింది. తాడు మీద ఆరుతున్న చొక్కా చూసింది. దాని కింది అంచు మడత, పోగులు లాగినచోట, ఉండాల్సినదానికన్నా వేలి మందం తగ్గి ఉంది. రఫ్ఫు చేసే ఇంట్లో పుట్టిన మనిషికి అది చాలు.

అక్క వచ్చి పీట పక్కన కూర్చుంది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది," అంది అక్క చివరికి, మెల్లగా. "నీకు వాడు తప్ప ఎవరున్నారే?"

రఫ్ఫమ్మ తలూపింది. ఆ తలూపడంలో మూడు రోజులు గడిచిపోయాయి.

ఆ మూడు రోజులూ ఇల్లు మామూలుగానే ఉంది. కొడుకు పొద్దున వెళ్ళాడు, సాయంత్రం వచ్చాడు. తల్లికి ఇష్టమని పళ్ళు తెచ్చాడు. ఆవిడ వడ్డించింది. ప్రతిపూటా నోటిదాకా ఒక మాట వచ్చేది. వాడు తలెత్తగానే అది వెనక్కి వెళ్ళి కూర్చునేది. అడిగితే చెబుతాడేమోనని భయం. చెప్పడేమోనని ఇంకో భయం. ఇప్పుడేమైంది, ఒక పిల్ల ఇంకోచోట పని వెతుక్కుంటుంది, ఇక్కడ ఒక కుటుంబం నిలబడుతుంది, అని మనసు ఎంతో నెమ్మదిగా, ఎంతో ప్రేమగా చెప్పేది. అది మనసని కూడా ఆవిడకు తోచలేదు. తల్లి ప్రేమ అనుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లలు వచ్చారు. మూడు చొక్కాల కథ, మూడు చొక్కాల కథ అని గోల పెట్టారు. తలనొప్పిగా ఉందంటే వినలేదు. చెప్పింది. అన్నలు, బావి, దొంగ రక్తం. తండ్రి చొక్కా తిప్పి చూశాడు.

"రక్తం ఉంది. చిరుగు లేదు," అంది.

"ఎంత మర్యాద తెలిసిన తోడేలో," అని అరిచారు పిల్లలు.

ఆ జోకు ఆవిడదే. ఇరవై ఏళ్ళ కిందట తనే అల్లింది. అది నవ్వుల మధ్యనుంచి తిన్నగా వచ్చి ఆవిడ ముందు నిలబడింది. చిరగని చొక్కా. తన ఇంట్లోనూ అబద్ధం చెప్పింది చిరగని చొక్కానే కదా, చిరగకపోవడమే దాని అబద్ధం కదా. ఈసారి దొంగ రక్తం పూసిన చేతులు ఎవరివి? సూదిపోట్ల చూపుడువేలు వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ దూరదేశంలో ఉందనుకున్న గది ఇదే. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మూసింది తనే.

"తర్వాత?" అన్నారు పిల్లలు.

"తర్వాత రేపు," అంది. తాడు మీది చొక్కా తీసి, కత్తెర, సూది, కళ్ళజోడు సంచీలో వేసుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మెట్లు దిగింది.

కార్ఖానాలో మిషన్లు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కటిగా ఆగాయి. కొడుకు కటింగ్ బల్ల దగ్గర సుద్దముక్కతో నిలబడి ఉన్నాడు. యజమాని ఎదురొచ్చాడు.

"ఏంటి పిన్నీ, ఈ ఎండలో? అబ్బాయిని పిలవనా?"

"వాడితో పని లేదు నాయనా. ఒక పీట వెయ్యి, వెలుతురు ఉన్నచోట. ఆ గుండీలమ్మాయికి కబురు పంపు."

"ఆ గొడవ అయిపోయింది పిన్నీ. మీరెందుకు మనసు పాడుచేసుకోవడం?"

"అవలేదు," అంది రఫ్ఫమ్మ.

గుండీలమ్మాయి వచ్చేదాకా ఆవిడ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవరినీ చూడలేదు. ఆ పిల్ల వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. సన్నటి చేతులు. చిన్న పిడికిలి. గుడ్డ ఆ రోజే చెప్పింది.

రఫ్ఫమ్మ వేలితో వెతికింది. తాను చేసిన పనిలో పోగు కొన ఎక్కడుందో ప్రపంచంలో ఆవిడ ఒక్కతికే తెలుసు. దొరికింది. సూదిమొనతో పైకి లేపి, లాగింది. ఒక పోగు. ఇంకో పోగు. చూస్తున్నవాళ్ళకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుడ్డ మీద వెంట్రుకంత గీత కనిపించింది, గీత తెరుచుకుంది. రెండో గుండీ దగ్గరనుంచి జేబు దాకా. విప్పడానికి కూడా చాలాసేపు పట్టింది. అంత బాగా చేసిందప్పుడు. కన్నీళ్ళు వస్తే కళ్ళజోడు తుడుచుకుంది తప్ప చెయ్యి ఆపలేదు.

చొక్కా తీసుకెళ్ళి కటింగ్ బల్ల మీద పరిచింది, సుద్ద గీతల మీద.

"ముందు చిరిగింది," అంది.

కొడుకు ఆ చిరుగు వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు చూశాడు. వాడి కళ్ళల్లో కోపం ఉంటుందనుకుంది. కోపానికి సిద్ధపడి వచ్చింది. ఉన్నది కోపం కాదు.

"కుట్టేముందు ఒక్క మాట అడగలేదమ్మా నువ్వు," అన్నాడు. "ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నానే, నిద్రపోలేదు. నాలుగు గంటలూ మెలకువగానే ఉన్నాను. ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అనుకుంటూ. అడిగుంటే చెప్పేసేవాణ్ణేమో."

సుద్దముక్క బల్ల మీద పెట్టి, గుండీలమ్మాయి పక్కనుంచి తల వంచుకుని బయటికి నడిచాడు. ఇంటికి రాలేదు. ఊరు ఆ చివర ఇంకో దుకాణంలో కత్తెర పడుతున్నాడని తర్వాత తెలిసింది.

యజమాని గుండీలమ్మాయిని మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. ఆ పిల్ల రాలేదు. నెల తర్వాత ఒకరోజు రఫ్ఫమ్మ గదికి వచ్చింది. చేతిలో చిరిగిన బట్ట ఏమీ లేదు. గుమ్మం దాటలేదు.

"ఆ సాయంత్రం నేను వేలితో తడిమి చూశానండీ," అంది. "ఏం తగల్లేదు. రాత్రంతా నా చేతులు నేనే చూసుకున్నాను. మా అమ్మ కూడా అడిగింది, నిజంగా జరిగిందా, ఊహించుకున్నావా అని. మూడో రోజుకి నాకే అనుమానమొచ్చింది, నాకేమైనా పిచ్చి పట్టిందేమోనని. మీది అంత గొప్ప పనితనం."

క్షమించమని అడగడానికి రఫ్ఫమ్మ నోరు తెరిచింది. ఆ పిల్ల అప్పటికే మెట్లు దిగుతోంది. తేలికైన అడుగులు, ఒక్కొక్కటీ వినిపించింది.

నాలుగేళ్ళయింది. అక్క నెలకోసారి డబ్బాలో కూర పెట్టుకుని ఊరు ఆ చివరికి వెళ్ళి వస్తుంది. కడిగి, తుడిచిన డబ్బా ఖాళీగా తిరిగి వస్తుంది.

"కడిగి పంపాడంటే తిన్నట్టేగా," అంటుంది అక్క.

రఫ్ఫమ్మ మూత తీసి వాసన చూస్తుంది. సబ్బు వాసన.

"ఏమన్నా అడిగాడా?"

"బాగున్నావా పెద్దమ్మా అన్నాడు. నన్ను," అంటుంది అక్క. పైట చెంగుతో లేని చెమట తుడుచుకుంటుంది.

పిల్లలు ఇప్పటికీ వస్తారు. అప్పటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వీళ్ళు వేరే పిల్లలు. మర్యాద తెలిసిన తోడేలు ఇప్పుడు కథలో లేదు. ఎక్కడ చిరిగిందని ఆవిడ అడగదు, వాళ్ళే అడిగి వాళ్ళే అరుస్తారు. మూడో చొక్కా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి తండ్రి యాకూబ్‌కు కళ్ళు పోయాయి. ఏళ్ళ తర్వాత యూసుఫ్ తన చొక్కా పంపాడు, నాన్న మొహం మీద వేయండి అని. వేశారు. చూపు వచ్చింది. ఇంకా ఆ చొక్కా దారిలో ఉండగానే తండ్రికి కొడుకు వాసన తెలిసిందట.

ఆవిడ ట్రంకు పెట్టెలో, అన్నిటికన్నా అడుగున, ఒక చొక్కా ఉంది. గుండెల మీద తెరుచుకునే ఉంది. పక్కన కాగితంలో చుట్టిన పోగులు, విప్పిన రోజువి. పోగులు పోకుండా ఉంటే ఎన్నాళ్ళకైనా మళ్ళీ నేయొచ్చు. అయితే వాడొచ్చి, ఎట్లా చిరిగిందో తన నోటితో చెప్పాలి. మొదట్లో దాన్ని తీసి మొహానికి ఆనించుకునేది. ఇప్పుడు దానికి పెట్టె వాసనే వస్తోంది. అందుకని తీయడం మానేసింది.

"షైతాను పట్టు పరదాల వెనకనుంచి వస్తాడనుకున్నానండీ," అంది ఆవిడ, ఇదంతా విని రాసుకుంటున్న మనిషితో. ఆ మనిషి పొద్దున ఒక పాత శాలువా బాగుచేయించుకుందామని వచ్చి, సాయంత్రం దాకా ఉండిపోయిన మనిషి. "నా బిడ్డ చెమట వాసనతో వచ్చాడు. ఎట్లా గుర్తుపట్టేది?"

కిటికీలో వెలుతురు పలచబడింది. సూదిలోకి దారం ఇక ఎక్కదు. శాలువా పొద్దున ఎక్కడ పెట్టిందో అక్కడే, ఆవిడ మోకాలి పక్కనే ఉంది. దాని మడతలోంచి ఇంకా ఒక్క పోగు కూడా లాగలేదు. ఎప్పుడు రమ్మంటారని అడిగి, వచ్చిన మనిషి చెప్పుల కోసం చూస్తుంటే, రఫ్ఫమ్మ శాలువాను ఒళ్ళోకి తీసుకుంది. చిరుగు మీద అరచెయ్యి వేసింది. మొదటిసారి తలెత్తి, తిన్నగా మొహంలోకి చూసింది.

"ఎల్లుండి రండి. ఇప్పుడే వెళ్ళకండి, కాసేపు కూర్చోండి. ఇది ఎట్లా చిరిగిందో చెప్పండి."